జంట తీగె

పాత ఇండ్లలో గోడకు, నేలనుండి మూరెడెత్తున, అగ్గిపెట్టెకంటె కొంచెము పెద్దదియగు తెల్లని పెట్టె యొకటి అమర్చియుండుట మీలో కొందఱు చూచియుందురు. తీగెలు సవరించు పనివారు దానిని రోజెట్టు అందురు. దాని అంచున చిన్న చదరపు రంధ్రము కలదు. టెలిఫోను తీగె కొనయందుండు ప్లాస్టిక్కు ముక్కను అందులో దూర్చినచో టిక్కుమని బిగిసికొనును. పెట్టె మూత విప్పి చూచినచో లోపల ఏ యంత్రమును కానరాదు. రెండు మరమేకులు, వానికి చుట్టబడిన రెండు సన్నని రాగితీగెలు మాత్రమే యుండును. ఒక్కొక్క తీగె మందము ఇంచుమించు అర మిల్లీమీటరు.

మనుష్యుని కంఠధ్వనిని మోయుటకై ఏర్పడిన ఈ తీగెల జంటయే కొన్ని సంవత్సరములపాటు సికింద్రాబాదు నగరమున ఎన్నియో గృహములకు అంతర్జాలమును మోసికొని వచ్చెను. అయితే ఒకే యింటిలో నాలుగు గదులలో నాలుగు పెట్టెలుండగా, ఒకదానియొద్ద అంతర్జాలము చక్కగా నడచుచుండెను. మఱియొకదానియొద్ద నడచియు నడవకుండెను. మూడవదానియొద్ద బొత్తిగా వచ్చుటయే లేదు. అన్ని పెట్టెలకును వచ్చునది ఒకే తీగె గదా, ఈ భేదమునకు కారణమేమి? చూచుటకు ఇది చిన్న చిక్కువలె తోచును. కాని దీనిని విప్పుటకు పూనుకొన్నచో, మీరు భౌతికశాస్త్రములో చదువుకొను ధ్వని, విద్యుత్తు, తరంగములు అన్నియు ఒక్కటొక్కటిగా ఎదురు వచ్చును.

మొదట ఈ పెట్టెలు ఇన్ని యెట్లు వచ్చెనో తెలిసికొందము. సికింద్రాబాదు 1806వ సంవత్సరమున ఏర్పడిన దండు పట్టణము. మూడవ నిజాము సికందర్ జా పేరు దానికి వచ్చినది. మారేడుపల్లి, బొల్లారము, తిరుమలగిరి మొదలగు భాగములలోని పాత బంగళాలకు ముందు విశాలమైన వరండా, దాని వెనుక హాలు, ఆ వెనుక వరుసగా గదులు, వానినన్నిటిని వేఱుచేయుచు దిట్టమైన గోడలు ఉండెడివి. టెలిఫోను కలుగుటయే గొప్ప భాగ్యముగా నెంచిన కాలమది. దరఖాస్తు పెట్టి సంవత్సరములకొలది వేచియున్నవారు మన పెద్దలలో ఎందఱో కలరు. అట్లు వచ్చిన ఒక్క టెలిఫోనును హాలులో నుంచెడివారు. పిమ్మట ముసలివారు పడుకొను గదికి ఒక కొమ్మ, మేడమీదికి మఱియొక కొమ్మ లాగించెడివారు. ఈ కొమ్మలను వేసినది టెలిఫోను శాఖవారే కానక్కఱలేదు. దీపములకు తీగెలు వేయు పనివాడు తనయొద్ద మిగిలిన తీగెతో వేసి పోయిన ఇండ్లును కలవు. మాటలకు అది చాలెను. కావున ముప్పది నలువది యేండ్లు ఎవరును దానినిగూర్చి ఆలోచింపలేదు.

గ్రాహంబెల్లు టెలిఫోనునకు 1876లో పేటెంటు పొందెను. ఆఱు సంవత్సరములకే, అనగా 1882లో, కలకత్తా, బొంబాయి, మదరాసు నగరములలో టెలిఫోను ఎక్స్‌ఛేంజీలు వెలసెను. మన దేశమున సామాన్య ప్రజలకు అంతర్జాలము 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ్ సంచార్ నిగమ్ వారి ద్వారా మొదట నాలుగు మహానగరములలోను, తరువాత హైదరాబాదు మొదలగు ఇతర నగరములలోను లభించెను. ఆనాటి పద్ధతిలో మోడెము అను యంత్రము టెలిఫోనువలెనే ఒక సంఖ్యకు పిలుపు చేసెడిది. కీచుమని, బుసకొట్టుచు, మఱియొక మోడెముతో తన భాషలో మాటలాడెడిది. ఆ సంభాషణ జరుగునంతసేపును ఇంటివారు టెలిఫోనులో మాటలాడుటకు వీలులేదు. వేగమా, మిక్కిలి హెచ్చుగా నున్నప్పుడు కూడ సెకనునకు 56 వేల బిట్లు. ఒక ఛాయాచిత్రము తెరపైకి పైనుండి క్రిందికి మెల్లగా దిగుచుండగా, ఈలోపల ఒక గ్లాసు కాఫీ త్రాగి రావచ్చునని పరిహాసమాడెడివారు.

2004లో భారత ప్రభుత్వము బ్రాడ్‌బ్యాండ్ విధానమును ప్రకటించి, సెకనునకు కనీసము 256 కిలోబిట్ల వేగముగలదానినే బ్రాడ్‌బ్యాండ్ అనవలెనని నిర్ణయించెను. (ఈ కనీస వేగము 2023లో 2 మెగాబిట్లకు పెంచబడినది.) 2000 అక్టోబరు 1న ఏర్పడిన భారత సంచార్ నిగమ్ సంస్థ 2005 జనవరిలో ఈ సౌకర్యమును ప్రారంభించెను. క్రొత్త తీగె వేయలేదు. వీధులు త్రవ్వలేదు. ఉన్న రాగితీగెల జంటపైననే మాటయు, అంతర్జాలమును ఒకేసారి నడచినవి. ఇంట్లో ఒకరు టెలిఫోనులో మాటలాడుచుండగా మఱియొకరు కంప్యూటరుముందు కూర్చుండవచ్చును. ఇది యెట్లు సాధ్యమైనది?

కచేరీలో మృదంగము, వీణ ఒకేసారి మ్రోగుచుండును. రెండు ధ్వనులును ఒకే గాలిలో వచ్చి ఒకే చెవిలో ప్రవేశించును. అయినను ఇది మృదంగము, ఇది వీణ యని మనము గుర్తింపగలము. అందుకు గల కారణములలో ఒకటి, ఒక్కొక్క ధ్వనియందు కంపనముల సంఖ్య వేఱుగా నుండుట. సెకనునకు జరుగు కంపనముల సంఖ్యను పౌనఃపున్యమందురు. దానిని హెర్ట్‌జులలో కొలుతురు. టెలిఫోనులో మన మాటను మోయుటకు 300 మొదలు 3400 హెర్ట్‌జుల వఱకుగల భాగము చాలును. రాగితీగె అంతకు వందలరెట్లు హెచ్చు పౌనఃపున్యములను గూడ మోయగలదు. కాని వానిని ఎవరును వాడుకొనక అది ఖాళీగా పడియుండెను. ఆ ఖాళీ భాగమునే ఇంజనీర్లు వాడుకొనిరి. ఇంచుమించు 25 కిలోహెర్ట్‌జులనుండి 1100 కిలోహెర్ట్‌జుల వఱకు, తరువాత వచ్చిన పద్ధతిలో 2200 కిలోహెర్ట్‌జుల వఱకు, అంతర్జాలమునకు కేటాయించిరి. ఇందులో కొద్ది భాగము ఇంటినుండి పోవు సమాచారమునకును, పెద్ద భాగము ఇంటికి వచ్చు సమాచారమునకును ఇచ్చిరి. ఇంటివారు పంపునదానికంటె తెప్పించుకొనునదే హెచ్చు గదా! ఈ అసమాన పంపకమునుబట్టియే ఆ పద్ధతికి ఏ.డి.ఎస్.ఎల్. అను పేరు వచ్చినది; అందలి మొదటి అక్షరము అసమానతను తెలుపును.

దీనికి రెండు ఆటంకములు కలవు. మొదటిది దూరము. పౌనఃపున్యము పెరిగినకొలది రాగితీగెలో సంకేతము త్వరగా క్షీణించును. ఎక్స్‌ఛేంజికి ఒక కిలోమీటరు దూరమునగల ఇంటికి లభించు వేగము నాలుగైదు కిలోమీటర్ల దూరమునగల ఇంటికి లభింపదు. ఇది మన చేతిలోనిది కాదు. రెండవది ఇంటిలోపలి తీగె. ఇది పూర్తిగా మన చేతిలోనిదే.

రెండు విధముల సంకేతములు ఒకే తీగెపై వచ్చినప్పుడు వానిని విడదీయు సాధన మొకటి కావలెను. దానికి స్ప్లిట్టరు అని పేరు. అఱచేతిలో ఇముడు ఈ ప్లాస్టిక్కు పెట్టెకు మూడు రంధ్రములుండును. ఒకటి బయటినుండి వచ్చు లైనుకు, ఒకటి టెలిఫోనుకు, ఒకటి మోడెముకు. అందలి తీగెచుట్టలును, కెపాసిటర్లును టెలిఫోను వైపునకు తక్కువ పౌనఃపున్యములను మాత్రమే పోనిచ్చి, హెచ్చు పౌనఃపున్యములను అడ్డగించును. పిండిని జల్లెడ పట్టినట్లన్నమాట. దీనిని పెట్టకుండ టెలిఫోనును తిన్నగా గోడకు తగిలించినచో, రిసీవరు ఎత్తగానే అందులో బుస వినబడును; అంతకంటె చెఱుపేమనగా, ఆ టెలిఫోను హెచ్చు పౌనఃపున్యములను మ్రింగివేయుటవలన అంతర్జాలము తెగిపోవును. ఒక గదిలో స్ప్లిట్టరు పెట్టి, మేడమీది టెలిఫోనును మఱచిపోయిన ఇంటిలో ఏమి జరుగునో ఇపుడు మీకు తోచియే యుండును.

ఇక ఒక యింటిని ఊహింపుడు. అది మారేడుపల్లిలోని పాత బంగళా. సంవత్సరము 2020. ఆ యేడు మార్చిలో మహమ్మారి కారణముగా పాఠశాలలు మూతపడెను. సెప్టెంబరు 1వ తేదీనుండి తెలంగాణ ప్రభుత్వము టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ళ ద్వారా పాఠములు ప్రసారము చేయ మొదలిడెను. పెక్కు పాఠశాలల ఉపాధ్యాయులు కంప్యూటరు తెరపైననే తరగతులు నడపుచుండిరి. టెలివిజనులోని పాఠమును వినినచో చాలును; కంప్యూటరులోని తరగతిలో పిలిచినప్పుడు పలుకవలెను. ఈ యింటిలో ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె కలదు. ఆమె తాతగారు లాలాగూడ రైల్వే కర్మాగారములో పనిచేసి విశ్రాంతి పొందినవారు.

"తాతయ్యా! గణితము చెప్పుచుండగా టీచరుగారి బొమ్మ నిలిచిపోవుచున్నది. హాజరు పిలిచినప్పుడు నేను పలికితిని, కాని వారికి వినబడలేదు. వరుసగా మూడు దినములు నేను రాలేదని వ్రాసికొనిరి. ఈ వారము పరీక్ష కూడ ఇట్లే పెట్టుదురట" అని ఆ బాలిక కన్నీరు పెట్టుకొనెను.

"ఎప్పుడెప్పుడు నిలిచిపోవుచున్నదో వ్రాసి యుంచితివా తల్లీ?"

"లేదు తాతయ్యా! ఎల్లప్పుడును నిలిచిపోవుచునే యున్నది."

"ఎల్లప్పుడును కాదు. కర్మాగారమునకు ఇంజను చెడి వచ్చినప్పుడు మేము తిన్నగా సుత్తి పట్టెడివారము కాము. డ్రైవరు వ్రాసిన పుస్తకము తెఱచి, ఎక్కడ ఆగినది, ఎత్తు ఎక్కునప్పుడా, వాన కురియునప్పుడా యని చూచెడివారము. రెండు దినములు గడియారము చూచి వ్రాయుము. ఆదివారమునాడు చూతము."

బాలిక వ్రాసెను. ఆ కాగితములో మూడు విషయములు తేలినవి. ఇంటి టెలిఫోను గంట మ్రోగిన ప్రతిమాఱును తరగతి తెగుచుండెను. నాయనమ్మ మేడమీద కూర్చుండి చెల్లెలితో మాటలాడినంతసేపును మరల కలియుట లేదు. వాన కురిసిన సాయంకాలము టెలిఫోను ఎవరును ముట్టకున్నను అంతర్జాలము కుంటుచు నడచెను. ఇవి మూడును ఒకే తెగులు కాకపోవచ్చును. ఈ సంగతిని గ్రహించుటయే సగము పని. మోడెము ముందున్న దీపములను గూడ ఆమె గమనించెను. డి.ఎస్.ఎల్. అని వ్రాసియున్న దీపము మిణుకుమిణుకు మనుచున్నచో ఎక్స్‌ఛేంజితో తీగె సంబంధము కుదురలేదని అర్థము; అది నిలుకడగా వెలుగుచు, ఇంటర్నెట్ అను దీపము వెలుగకున్నచో తీగెలో దోషము లేదు, వినియోగదారుని పేరో, రహస్యపదమో తప్పియుండును. ఈ భేదము తెలియక తీగెలన్నియు పీకివైచువారు కలరు. ఈ యింటిలో మిణుకుచున్నది మొదటి దీపము.

ఆదివారము ఉదయము తాతగారు, తండ్రి, బాలిక కలిసి పని మొదలిడిరి. (టెలిఫోను తీగెలో సామాన్యముగా 48 వోల్టుల విద్యుత్తే యుండును గాని, గంట మ్రోగునప్పుడు 75 వోల్టులకు పైగా వచ్చును; చేయి జివ్వుమనును. ఉఱుములు మెఱపులు ఉన్నప్పుడు దానిని ముట్టనేరాదు. పెద్దవారు లేనిదే మీరు ఈ పనికి పూనుకొనవలదు.) అన్ని గదులలోని టెలిఫోనులను ఊడదీసిరి. బయటి స్తంభమునుండి వచ్చు తీగె వరండాలో మొదట చేరు పెట్టెను తెఱచి, అక్కడనుండి లోపలికిపోవు కొమ్మలన్నిటిని విడదీసిరి. ఆ మొదటి పెట్టెకే పొట్టి తీగెతో మోడెమును తగిలించిరి. నిమిషము గడువకముందే దీపము నిలుకడగా వెలిగెను.

మోడెము లోపలి లెక్కలను కంప్యూటరులో చూడవచ్చును. సంకేతము, గోలకంటె ఎంత హెచ్చుగా నున్నదో అందు డెసిబెల్సులలో కనబడును. దానిలో మోడెము పనికి కావలసినది పోగా చేతిలో మిగులు నిలువ ఆఱు డెసిబెల్సులకు తగ్గినచో సంబంధము తెగుచు కలియుచుండును. వరండాలో 14 వచ్చినది. తరువాత హాలు కొమ్మను కలిపిరి, 13. పడకగది కొమ్మను కలిపిరి, 10. మేడకొమ్మను కలిపినంతనే 5కు పడిపోయి, దీపము మిణుకనారంభించెను.

"మేడమీద టెలిఫోను లేదు గదా! మనమే తీసివేసితిమి. ఉత్త తీగె యేమి చేయును?" అని బాలిక యడిగెను. మంచి ప్రశ్న. తాతగారు తమకు తెలిసిన విధమున చెప్పిరి. రైలు స్టేషనులో ప్రధాన మార్గమునుండి చీలి, కొంతదూరము పోయి ఆగిపోవు సైడింగు లుండును. దాని చివర అడ్డుకట్ట యుండును. బండి పెట్టె ఒకటి ప్రమాదవశమున అందులోనికి దొర్లినచో అడ్డుకట్టను తాకి వెనుకకు వచ్చి, ప్రధాన మార్గమున వచ్చు బండికి అడ్డుపడును. చివర ఏమియు లేని తీగెకొమ్మయు అట్టిదే. హెచ్చు పౌనఃపున్యముగల తరంగము అందులో ప్రవేశించి, తెగిన కొనను తాకి, పరావర్తనము చెంది, ఆలస్యముగా తిరిగి వచ్చి అసలు తరంగముతో కలిసి దానిని చెఱుచును. ఖాళీ హాలులో మాటలాడునప్పుడు ప్రతిధ్వని మన మాటను మ్రింగివేయుట మీరెఱుగుదురు. కొమ్మ పొడవునుబట్టి కొన్ని పౌనఃపున్యములు బొత్తిగా నశించును. కంఠధ్వనివంటి తక్కువ పౌనఃపున్యములకు ఇంటి తీగెల పొడవు లెక్కలోనిది కాదు. కావుననే ఆ కొమ్మ అన్ని యేండ్లు టెలిఫోనునకు ఏ హానియు చేయలేదు.

ఇందులో గమనింపదగిన దేమనగా, దోషము మేడమీద నున్నది. దాని ఫలము అనుభవించుచున్నది క్రింది గదిలోని బాలిక. ఇంటిలోని పెట్టెలు వేఱువేఱుగా కనబడినను తీగె ఒక్కటియే. కావున అంతర్జాలము నడవని పెట్టెయొద్దనే తప్పు వెదకుట పెక్కుమాఱులు వ్యర్థము.

తీగెను పట్టుకొని తాతగారు మేడపైకి, అక్కడనుండి డాబామీదికి పోయిరి. ఆ తీగె పెట్టెతో ఆగలేదు. పూర్వమెప్పుడో పడగొట్టిన ఒక గదికై వేసిన భాగము డాబా అంచున తెగి వ్రేలాడుచుండెను. దాని కొన వానకు తడిసి పచ్చని చిలుముపట్టి యుండెను. వాననాటి తెగులునకు కారణ మిదియే. పైగా అది పురి లేని బల్లపఱపు తీగె. ఈ పురినిగూర్చి ఒక మాట చెప్పవలెను. టెలిఫోను తీగెల జంటను త్రాడువలె పేనవలెనను ఉపాయమును బెల్లు 1881లోనే కనుగొనెను. బయటినుండి వచ్చు విద్యుత్ గోల, ప్రక్కనున్న ఫ్యాను తీగెనుండి కానిండు, దూరపు రేడియో కేంద్రమునుండి కానిండు, పేనిన తీగెలు రెండింటిపైనను ఇంచుమించు సమానముగా పడును. యంత్రము రెండింటికిగల భేదమునే చదువును గనుక, సమానముగా పడిన గోల కొట్టివేయబడును. ఎంత సులువైన ఉపాయము! నూట నలుబది యేండ్లు దాటినను దానిని మించినది రాగితీగెకు దొరకలేదు.

వారు డాబామీది తునకను మొదలంట తొలగించిరి. పడకగదిలో బీరువా వెనుకనున్న అతుకును విప్పి, చిలుమును గీకి, మరల బిగించిరి. అటుపిమ్మట అసలు మార్పు చేసిరి. ఒక్కొక్క టెలిఫోనునకు ఒక్కొక్క స్ప్లిట్టరు కొనుటకు మాఱుగా, వరండాలోని మొదటి పెట్టెయొద్దనే ఒక్క స్ప్లిట్టరు నుంచిరి. దాని టెలిఫోను రంధ్రమునకు ఇంటి కొమ్మలన్నిటిని కలిపిరి. మోడెము రంధ్రమునకు మోడెమును మాత్రమే తగిలించిరి. ఇపుడు హాలు, పడకగది, మేడ, ఈ మూడు పెట్టెలలోని టెలిఫోనులును జల్లెడకు ఆవలనే యున్నవి. నాయనమ్మ గంటసేపు మాటలాడినను, గంట పదిమాఱులు మ్రోగినను, మోడెమునకు ఆ సంగతియే తెలియదు.

పని అయినదనుకొనిరి. కాలేదు. మోడెము వరండా ప్రక్కన నున్నది. బాలిక చదువుకొను గది ఇంటి వెనుకభాగమున నున్నది. నడుమ రెండు రాతిగోడలు. ఆమె కంప్యూటరులో వై-ఫై గుర్తు ఒక్క గీతకు తగ్గిపోయెను.

ఇక్కడ తీగె కథ ముగిసి గాలి కథ మొదలగును. విద్యుదయస్కాంత తరంగములను హైన్రిచ్ హెర్ట్‌జు 1887లో ప్రయోగపూర్వకముగా పుట్టించెను. పౌనఃపున్యమును కొలుచు మానమునకు అతని పేరే వచ్చినది. 1895లో కలకత్తాలో ఆచార్య జగదీశచంద్ర బోసు అట్టి తరంగములను గోడల కావలికి పంపి, అక్కడనున్న గంటను మ్రోగించి సభవారిని అచ్చెరువందించెను. వై-ఫై పద్ధతికి తొలి ప్రమాణము 1997లో వెలువడెను. ఎక్కువగా వాడబడు తరంగములలో ఒక తెగ పౌనఃపున్యము 2.4 గిగాహెర్ట్‌జులు; దాని తరంగదైర్ఘ్యము ఇంచుమించు పండ్రెండున్నర సెంటీమీటర్లు, అనగా మీ జానకంటె తక్కువ. మన దేశమున 2005వ సంవత్సరమున ప్రభుత్వము ఈ తెగను, తక్కువ శక్తితో వాడువారికి లైసెన్సు అక్కఱలేకుండ విడిచిపెట్టెను. రాగితీగెపై బ్రాడ్‌బ్యాండ్ వచ్చినదియు, ఆ తెగకు స్వేచ్ఛ వచ్చినదియు ఒకే యేడు.

బోసుగారి తరంగములు గోడను దాటినవి గాని, ప్రతి గోడయు తన పన్ను తాను తీసికొనును. పలుచని ఇటుకగోడ కొద్దిగాను, రెండడుగుల రాతిగోడ మిక్కుటముగాను మ్రింగును. ఇనుపబీరువా, పెద్ద నిలువుటద్దము, నీటితొట్టి అడ్డమున్నచో ఆ వెనుక నీడ పడినట్లే. వంటింటిలోని మైక్రోవేవ్ పొయ్యి సరిగా ఇదే తెగ తరంగములతో అన్నము వెచ్చచేయును. దాని ప్రక్కన రూటరు పెట్టుట సంతలో నిలిచి రహస్యము చెప్పుటవంటిది. కావున రూటరును నేలపై కాక ఎత్తున, ఇంటికి నడుమ నుంచుట మేలు.

"అట్లయిన మోడెమునే నా గదిలోని టెలిఫోను పెట్టెకు మార్చెదము" అని బాలిక యనెను. తాతగారు అంగీకరింపలేదు. ఆ పాత కొమ్మపై మరల హెచ్చు పౌనఃపున్యములను పంపినచో తీసివేసిన తెగులును తిరిగి తెచ్చుకొనుటయే. మోడెము వరండాలోనే యుండనిచ్చి, అక్కడనుండి ఈథర్నెట్టు తీగెను చూరు వెంబడి ఇంటి నడిమిగది వఱకు లాగి, దాని కొన రెండవ రూటరు నుంచిరి. ఈథర్నెట్టు తీగెలో పేనిన జంటలు నాలుగుండును. అది ఈ పనికే పుట్టినది. నూఱు మీటర్ల వఱకు ఏ నష్టమును లేక మోయగలదు. నడిమిగదినుండి బాలిక గదికి ఒక్క గోడయే అడ్డు. వై-ఫై గుర్తు నిండుగా వచ్చెను. మఱునాడు టీచరుగారు పేరు పిలువగానే ఆమె పలికిన పలుకు తరగతియంతయు వినెను. ఆ వారపు పరీక్షలో ఆమెకు నూటికి అఱువది రెండు వచ్చినవి. అందుకు మాత్రము తీగెను నిందింప వీలు లేకపోయెను.

రూటరునకు బలమైన రహస్యపదము పెట్టుట మఱవరాదు. తరంగములు గోడదాటి వీధిలోనికిని పోవును గదా. 2008 జులైలో అహమ్మదాబాదు ప్రేలుళ్ళ సందర్భమున దుండగులు పంపిన ఈ-మెయిలు, నవీ ముంబైలోని యొక ఇంటి రక్షణలేని వై-ఫై ద్వారా వెళ్ళినట్లు దర్యాప్తులో తేలినది. ఆ యింటివారికి ఏ పాపమును తెలియదు. అయినను పోలీసులు మొదట వచ్చినది వారి తలుపునొద్దకే.

ఇటీవలి సంవత్సరములలో మన నగరములందు రాగితీగె స్థానమును గాజునార, అనగా ఆప్టికల్ ఫైబరు, ఆక్రమించుచున్నది. స్వచ్ఛమైన గాజునారలో వెలుతురును చాలదూరము పంపవచ్చునని చార్లెస్ కావో 1966లో చూపెను. ఆ కృషికి 2009లో నోబెల్ బహుమతిని పంచుకొనెను. వెలుతురునకు ప్రక్కనున్న ఫ్యాను తీగె గోలయు లేదు, వాన చిలుమును లేదు. గాజునార ఇంటిలో ఒక్కచోటనే ముగియును గనుక గదిగదికి పెట్టెల తగవును లేదు. రాతిగోడలు మాత్రము ఉన్నచోటనే యున్నవి. కావున నడిమిగదికి లాగిన ఈథర్నెట్టు తీగెవంటిది గాజునార వచ్చిన తరువాతను పనికివచ్చును.

అయితే పాత తీగెలో ఒక గుణము కలదు. అది క్రొత్తదానికి లేదు. రాగితీగె ఎక్స్‌ఛేంజిలోని బ్యాటరీలనుండి 48 వోల్టుల విద్యుత్తును తనతో మోసికొని వచ్చెడిది. వీధియంతయు దీపములు ఆఱిపోయిన రాత్రి కూడ హాలులోని పాత టెలిఫోను గణగణ మ్రోగెడిది. గాజునార వెలుతురును తెచ్చును గాని విద్యుత్తును తేలేదు. కరెంటు పోయినచో గోడమీది క్రొత్త పెట్టెయు దానితోపాటు నిద్రపోవును. అందుచే ఇపుడు పలువురు ఆ పెట్టె ప్రక్కన చిన్న బ్యాటరీ నొకదానిని అమర్చుకొనుచున్నారు.